చార్మాండర్‌ను పెంచడం, పోరాటంలో నిలబెట్టడం: ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ ఆటలకు సమగ్ర మార్గదర్శి

1996లో జపాన్‌లో వచ్చిన తొలి పోకెమాన్ ఆటలను (పోకెమాన్‌లనే ఊహాజీవులను పట్టుకుని, పెంచి, పోరాడించే ఆటలు) గేమ్ ఫ్రీక్ సంస్థ 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం కొత్తగా నిర్మించి, ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ అనే పేర్లతో విడుదల చేసింది. ప్యాలెట్ టౌన్‌లోని ప్రొఫెసర్ ఓక్ ప్రయోగశాలలో మూడు బంతులు ఉంటాయి. గడ్డి రకానికి చెందిన బల్బసార్, నీటి రకానికి చెందిన స్క్విర్టిల్, అగ్ని రకానికి చెందిన చార్మాండర్ వాటిలో ఉంటాయి. మూడూ 5వ లెవెల్‌లోనే మన చేతికి వస్తాయి. మొదటి ఇద్దరు జిమ్ నాయకులు (ఊరూరా ఓడించుకుంటూ వెళ్లవలసిన ముఖ్య శిక్షకులు) రాతి రకం, నీటి రకం పోకెమాన్‌లను వాడుతారు కాబట్టి చార్మాండర్‌ను ఎంచుకున్నవారికి ఆరంభం కష్టమని అందరూ చెబుతారు, ఆ మాట నిజమే. అయితే ఆ కష్టానికి విరుగుడుగా చార్మాండర్ లెవెళ్లను ఊరికే పెంచుకుంటూ పోవడం సరైన పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. దాని బలం ఏ స్టాట్‌లో (సామర్థ్యాన్ని చూపే అంకెలో) ఉంది, ఏ మూవ్ (పోరులో వాడే ఎత్తు) ఆ స్టాట్‌ను వాడుకుంటుంది, ఏ పోరులో దాన్ని బయటకు తీయకూడదు అనే మూడు విషయాలు తెలిస్తే, తక్కువ లెవెల్‌తోనే ఆట చివరివరకు హాయిగా వెళ్లవచ్చు. ఈ మార్గదర్శిని ఆ మూడు విషయాల చుట్టూనే, ఆట సాగే క్రమంలో రాశాను.

ముందుగా తెలుసుకోవలసిన రెండు లెక్కలు

మొదటిది రకాల లెక్క. పోకెమాన్ తన రకానికే చెందిన మూవ్ వాడితే దెబ్బ ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఎదుటి పోకెమాన్ రకం ఆ మూవ్‌కు బలహీనమైతే రెండు రెట్లు, తట్టుకునేదైతే సగం అవుతుంది. ఎదుటి పోకెమాన్‌కు రెండు రకాలు ఉంటే ఈ రెండు గుణకాలూ ఒకదానితో ఒకటి గుణించబడతాయి. అందువల్లనే కొన్ని దెబ్బలు నాలుగు రెట్లు, కొన్ని పావు వంతు అవుతాయి.

రెండవది చాలామంది గమనించనిది, ఫైర్‌రెడ్ చెందిన మూడవ తరం వరకు వచ్చిన ఆటలకే ప్రత్యేకమైనది. తర్వాతి ఆటలలో ప్రతి మూవ్‌కూ అది శారీరకమా, స్పెషలా అనేది విడిగా నిర్ణయించారు. ఫైర్‌రెడ్ కాలంలో మాత్రం రకాన్ని బట్టే అది తేలిపోతుంది. అగ్ని, నీరు, గడ్డి, విద్యుత్, మంచు, మానసిక, డ్రాగన్, చీకటి రకాల మూవ్‌లన్నీ స్పెషల్ అటాక్‌ను వాడుకుని ఎదుటివారి స్పెషల్ డిఫెన్స్‌ను ఢీకొంటాయి. సాధారణ, పోరాట, ఎగిరే, నేల, రాతి, పురుగు, విషం, దెయ్యం, ఉక్కు రకాల మూవ్‌లు అటాక్‌ను వాడుకుని డిఫెన్స్‌ను ఢీకొంటాయి. చార్మాండర్ చివరి రూపమైన చారిజార్డ్ మూల స్టాట్‌లు హెచ్‌పీ (ప్రాణశక్తి) 78, అటాక్ 84, డిఫెన్స్ 78, స్పెషల్ అటాక్ 109, స్పెషల్ డిఫెన్స్ 85, స్పీడ్ 100. అంటే ఇది ముందుగా దూకి, స్పెషల్ దెబ్బతో ముగించవలసిన పోకెమాన్. ఎదురు దెబ్బలు తింటూ నిలబడే రకం కాదు. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకుంటే కింద చెప్పేవన్నీ సులభంగా అర్థమవుతాయి.

బంతి తీసుకునే ముందు

ఆట మొదలుపెట్టిన వెంటనే మీ గదిలోని కంప్యూటర్‌లో ఉన్న ఒక పోషన్‌ను (హెచ్‌పీని నింపే మందును) తీసుకోండి. తర్వాత ప్రయోగశాలలో చార్మాండర్ బంతి ఎదురుగా నిలబడి ఆటను సేవ్ చేయండి. బంతి తీసుకున్నాక మీ ప్రత్యర్థి తన పోకెమాన్‌ను ఎంచుకుంటాడు. అప్పుడు మెనూ తెరిచి చార్మాండర్ వివరాల పుటలో దాని స్వభావాన్ని చూడండి. మొత్తం 25 స్వభావాలలో 5 ఏ స్టాట్‌నూ మార్చవు. మిగిలిన 20 ఒక స్టాట్‌ను పది శాతం పెంచి, మరొకదాన్ని పది శాతం తగ్గిస్తాయి.

స్పెషల్ అటాక్‌ను పెంచే మోడెస్ట్, స్పీడ్‌ను పెంచే టిమిడ్ శ్రేష్ఠమని సాధారణంగా చెబుతారు, ఎందుకంటే ఈ రెండూ తగ్గించేది అటాక్‌ను మాత్రమే. కథ పూర్తి చేయడమే లక్ష్యమైతే నేను ఇంకొక సలహా ఇస్తాను. ఈ ఆటలో చార్మాండర్‌కు ఆరంభంలో మెటల్ క్లా, తర్వాత డిగ్, చివర్లో ఎర్త్‌క్వేక్ వంటి శారీరక మూవ్‌లు నిజంగా అవసరమవుతాయి. అందువల్ల అటాక్‌ను ముట్టుకోకుండా స్పెషల్ అటాక్‌ను పెంచే మైల్డ్, రాష్ స్వభావాలు, స్పీడ్‌ను పెంచే హేస్టీ, నైవ్ స్వభావాలు కూడా ఎంతో ఉపయోగపడతాయి. తప్పక వదులుకోవలసినవి స్పెషల్ అటాక్‌ను తగ్గించే ఆడమెంట్, ఇంపిష్, కేర్‌ఫుల్, జాలీ. ఈ నాలుగింటిలో ఒకటి వస్తే ఆటను ఆపి, సేవ్ చేసిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఇంతకు మించి వెతకడానికి గంటలు వెచ్చించనవసరం లేదు.

మొదటి పోరు

మీరు చార్మాండర్‌ను తీసుకుంటే ప్రత్యర్థి స్క్విర్టిల్‌ను తీసుకుంటాడు. ఈ దశలో స్క్విర్టిల్‌కు నీటి మూవ్ ఏదీ లేదు, టాకిల్, టెయిల్ విప్ మాత్రమే ఉన్నాయి. మూల స్పీడ్‌లో చార్మాండర్‌ది 65, స్క్విర్టిల్‌ది 43 కాబట్టి ముందు దెబ్బ మామూలుగా మీదే అవుతుంది. దెబ్బ వేయని గ్రౌల్ మూవ్‌తో ఒక అవకాశాన్ని ఖర్చు చేయకుండా ప్రతిసారీ స్క్రాచ్ వాడండి. హెచ్‌పీ మూడో వంతుకు దిగితే పోషన్ వాడండి. ఓడిపోయినా కథ ముందుకే సాగుతుంది, గెలిస్తే వచ్చే అనుభవం చార్మాండర్‌ను 6వ లెవెల్‌కు చేరుస్తుంది.

5 నుంచి 16 వరకు

విరిడియన్ సిటీ దుకాణం నుంచి ప్రొఫెసర్ పార్సెల్‌ను తెచ్చి ఇచ్చే పనిలోనే రూట్ 1లోని పిడ్జీలు, రటాటాలతో పోరాడుతూ వెళ్లండి. 7వ లెవెల్‌లో ఎంబర్ వస్తుంది. ఇక్కడినుంచి చార్మాండర్ తీరు మారిపోతుంది, ఎందుకంటే ఎంబర్ దాని సొంత రకం మూవ్, పైగా స్పెషల్ అటాక్‌ను వాడుకునే మూవ్.

విరిడియన్ ఫారెస్ట్‌కు వెళ్లే ముందు పడమటి వైపున్న రూట్ 22 గడ్డిలో ఒక మాంకీని పట్టుకోవడం ఎంతో మేలు చేస్తుంది. పోరాట రకానికి చెందిన మాంకీ చిన్న లెవెల్‌లోనే లో కిక్ నేర్చుకుంటుంది. ఈ తరం ఆటలలో ఎదుటి పోకెమాన్ బరువును బట్టి లో కిక్ శక్తి పెరుగుతుంది. బ్రాక్ వద్ద ఉన్న ఓనిక్స్ బరువు 210 కిలోలు కాబట్టి దానిపై లో కిక్ శక్తి గరిష్ఠ స్థాయి అయిన 120కి చేరుతుంది. రాతి రకం పోరాట మూవ్‌కు బలహీనం కావడం దానికి తోడు. రూట్ 22లో కొంచెం ముందుకు వెళితే ప్రత్యర్థి అడ్డుపడతాడు; అతని పిడ్జీ, స్క్విర్టిల్ రెండూ 9వ లెవెల్‌లో ఉంటాయి కాబట్టి మీ చార్మాండర్ కనీసం 9 లేదా 10 అయ్యేవరకు ఆ వైపు అడుగు వేయకండి.

విరిడియన్ ఫారెస్ట్ చార్మాండర్‌కు పెట్టని కోట. కాటర్‌పీ, వీడిల్, వాటి కోశ దశలైన మెటాపాడ్, కకూనా అన్నీ పురుగు రకం కాబట్టి ఎంబర్ రెండు రెట్ల దెబ్బ వేస్తుంది. వీడిల్ కుట్టి విషం ఎక్కిస్తే నడుస్తున్నకొద్దీ హెచ్‌పీ కొంచెం కొంచెంగా పోతుంది. విషానికి విరుగుడైన యాంటిడోట్‌లు మూడు నాలుగు కొనుక్కుని వెళ్లండి. అక్కడి శిక్షకులందరితో పోరాడండి, ఎందుకంటే శిక్షకుల పోకెమాన్‌ను ఓడిస్తే అడవి పోకెమాన్‌ను ఓడించినప్పటికంటే ఒకటిన్నర రెట్ల అనుభవం వస్తుంది. ఇదే అడవిలో అరుదుగా పికాచు కనిపిస్తుంది. దొరికేదాకా తిరగండి, దాని అవసరం రెండవ జిమ్‌లో తెలుస్తుంది.

13వ లెవెల్‌లో చార్మాండర్ మెటల్ క్లా నేర్చుకుంటుంది. ఇది నేర్వకముందు బ్రాక్ జిమ్‌లో అడుగు పెట్టకండి.

బ్రాక్: లెక్కతో గెలవవలసిన పోరు

ప్యూటర్ సిటీ నాయకుడు బ్రాక్ దగ్గర 12వ లెవెల్ జియోడ్యూడ్, 14వ లెవెల్ ఓనిక్స్ ఉంటాయి. రెండూ రాతి, నేల రకాలకు చెందినవి. రాతి రకం అగ్నిని తట్టుకుంటుంది కాబట్టి ఎంబర్ దెబ్బ సగమవుతుంది. ఉక్కు రకానికి చెందిన మెటల్ క్లాకు మాత్రం రాతి రకం బలహీనం కాబట్టి దాని దెబ్బ రెట్టింపవుతుంది. ఇక్కడే కొందరు ఒక తెలివైన సందేహం లేవనెత్తుతారు. ఓనిక్స్ మూల డిఫెన్స్ 160, స్పెషల్ డిఫెన్స్ 45 మాత్రమే. అలాంటప్పుడు శారీరకమైన మెటల్ క్లా కంటే స్పెషల్ అయిన ఎంబర్ మేలు కాదా అని వారి ప్రశ్న. ఆట వాడే సూత్రంలో అంకెలు వేసి చూశాను. సగటు స్టాట్‌లున్న 14వ లెవెల్ చార్మాండర్ ఓనిక్స్‌పై ఎంబర్ వేస్తే పోయేది సుమారు 5, 6 పాయింట్లు. మెటల్ క్లా వేస్తే సుమారు 8 నుంచి 10. ఓనిక్స్ హెచ్‌పీ దాదాపు 33 కాబట్టి మెటల్ క్లాకు నాలుగు దెబ్బలు, ఎంబర్‌కు ఆరు లేదా ఏడు దెబ్బలు పడతాయి. ఆ తేడా గెలుపోటములను నిర్ణయించేంత పెద్దది. పైగా మెటల్ క్లాకు పదింట ఒకసారి మీ అటాక్‌ను పెంచే గుణం కూడా ఉంది.

జియోడ్యూడ్ డిఫెన్స్ కర్ల్ వాడి తన డిఫెన్స్‌ను పెంచుకుంటుంది. అది రెండుసార్లు వాడితే అప్పుడు ఎంబర్‌కు మారండి, డిఫెన్స్ ఎంత పెరిగినా స్పెషల్ దెబ్బకు అడ్డు కాదు. ఓనిక్స్ వాడే రాక్ టూంబ్ మీకు రెండు రెట్ల దెబ్బ వేసి స్పీడ్‌ను కూడా తగ్గిస్తుంది, కానీ దాని గురి 80 శాతమే. చార్మాండర్‌ను 16వ లెవెల్‌కు చేర్చి దాని తర్వాతి రూపమైన చార్మీలియన్‌గా పరిణామం చెందాక వెళితే ఓనిక్స్‌కు మూడు, నాలుగు దెబ్బలు చాలు. మాంకీ ఉంటే 14వ లెవెల్ దగ్గరే ధైర్యంగా వెళ్లవచ్చు. జియోడ్యూడ్‌ను చార్మాండర్‌కు, ఓనిక్స్‌ను మాంకీకి వదిలిపెట్టడం నేను ఎప్పుడూ పాటించే పద్ధతి.

పరిణామాన్ని బి బటన్‌తో ఆపవచ్చని, అలా ఆపితే చార్మాండర్ ఫ్లేమ్‌థ్రోవర్‌ను 31వ లెవెల్‌లోనే నేర్చుకుంటుందని కొందరు చెబుతారు. చార్మీలియన్ అదే మూవ్‌ను 34లో నేర్చుకుంటుంది. మూడు లెవెళ్ల తొందర కోసం పదిహేను లెవెళ్లపాటు బలహీనమైన శరీరంతో పోరాడించడం ఏ విధంగానూ లాభం కాదు. 16 రాగానే పరిణామం చెందనివ్వండి.

మౌంట్ మూన్, మిస్టీ

మౌంట్ మూన్ గుహలో జుబాట్, జియోడ్యూడ్, పారాస్ ఎక్కువగా ఎదురవుతాయి. పురుగు, గడ్డి రకాలు రెండూ కలిసిన పారాస్‌పై ఎంబర్ నాలుగు రెట్లు పడుతుంది కాబట్టి అది మంచి అనుభవాన్ని ఇచ్చే వేట. గుహ దాటి రూట్ 4లోకి రాగానే ఇద్దరు గురువులు కనిపిస్తారు. వారు మెగా పంచ్, మెగా కిక్ నేర్పుతారు. ఒక్కొక్కరు ఒక్కసారే నేర్పుతారు. స్క్రాచ్ స్థానంలో మెగా పంచ్ పెట్టుకుంటే 80 శక్తి గల మూవ్ అప్పుడే చేతికి వస్తుంది. దాని గురి 85 శాతం, ఈ దశకు అది చాలు.

సెరూలియన్ సిటీ నాయకురాలు మిస్టీ వద్ద 18వ లెవెల్ స్టార్యూ, 21వ లెవెల్ స్టార్మీ ఉంటాయి. మూల స్పీడ్ 115, స్పెషల్ అటాక్ 100 ఉన్న స్టార్మీ వాటర్ పల్స్ వేస్తే చార్మీలియన్ నిలబడడం అరుదు. దెబ్బ తగిలి సగానికి దిగితే రికవర్ వాడి మళ్లీ నిండిపోతుంది కూడా. మొదటిసారి ఆడినప్పుడు నేను ఇక్కడ చార్మీలియన్‌ను 28వ లెవెల్‌దాకా పెంచి గెలిచాను. గెలిచిన మాట నిజమే గాని, మిగిలిన పోకెమాన్‌లు వెనకబడిపోయి తర్వాతి మూడు జిమ్‌లలో ఎంతో ఇబ్బంది పడవలసి వచ్చింది. అందువల్ల ఇక్కడ చార్మీలియన్‌ను వెనక ఉంచడమే సరైన పెంపకం.

ఊరికి ఉత్తరాన ఉన్న రూట్ 24, రూట్ 25 గడ్డిలో ఫైర్‌రెడ్‌లో ఆడిష్, లీఫ్‌గ్రీన్‌లో బెల్‌స్ప్రౌట్ దొరుకుతాయి. బెల్‌స్ప్రౌట్‌కు వైన్ విప్ ఉంటుంది కాబట్టి పని సూటిగా సాగుతుంది. ఆడిష్‌కు ఉన్న అబ్సార్బ్ శక్తి 20 మాత్రమే, దానితో స్టార్మీని పడగొట్టడం కష్టం. 16వ లెవెల్‌లో వచ్చే స్టన్ స్పోర్‌తో స్టార్మీ స్పీడ్‌ను పావు వంతుకు తగ్గించి, తర్వాత పికాచును దింపి విద్యుత్ దెబ్బ వేయడం ఉత్తమం. ఆడిష్‌కు విషం రకం కూడా ఉన్నందున మానసిక రకమైన స్టార్మీకి అది బలహీనం కాదా అనే భయం అనవసరం, మిస్టీ స్టార్మీకి మానసిక మూవ్ లేదు. ఈ జట్టును సిద్ధం చేయడానికి నగ్గెట్ బ్రిడ్జ్‌పై వరుసగా నిలబడే ఐదుగురు శిక్షకులు చక్కని అవకాశం. వారి పురుగు, గడ్డి రకాలను చార్మీలియన్‌తో, మిగిలినవాటిని కొత్తవాటితో ఎదుర్కోండి.

ఒక్క మాట సెట్టింగుల గురించి. ఎదుటి పోకెమాన్ పడిపోయిన ప్రతిసారీ తర్వాత వచ్చేది ఏదో చెప్పి, మార్చుకుంటారా అని ఆట అడిగే షిఫ్ట్ పద్ధతి మొదట అమలులో ఉంటుంది. దాన్ని అలాగే ఉంచండి. నీటి రకం రాబోతోందని తెలిసినప్పుడు ఏ దెబ్బా తినకుండా చార్మీలియన్‌ను వెనక్కు తీసుకోగలగడం, దాని పెంపకంలో సగం రక్షణ.

సర్జ్, ఎరికా: ఇక్కడినుంచి దారి తెరుచుకుంటుంది

సెరూలియన్‌లో దోపిడీకి గురైన ఇంటి వెనక ఉన్న రాకెట్ ముఠా సభ్యుణ్ని ఓడిస్తే డిగ్ నేర్పే టీఎం 28 (టీఎం అంటే పోకెమాన్‌కు ఒక మూవ్ నేర్పే వస్తువు) దొరుకుతుంది. దాన్ని చార్మీలియన్‌కే నేర్పండి. నేల రకం మూవ్ కావడంతో వర్మిలియన్ సిటీ నాయకుడు సర్జ్ వద్ద ఉన్న 21వ లెవెల్ వోల్టార్బ్, 18వ లెవెల్ పికాచు, 24వ లెవెల్ రైచూ మూడింటిపైనా రెట్టింపు దెబ్బ పడుతుంది. చార్మీలియన్‌కు ఇంకా రెక్కలు రాలేదు కాబట్టి విద్యుత్ దెబ్బలు దానికి మామూలుగానే తగులుతాయి; సర్జ్‌ను చారిజార్డ్ కాకముందే ఓడించగలగడం ఒక అదృష్టమే.

కట్ అనే హెచ్ఎంను (పోరులోనే కాక ప్రయాణంలోనూ పనికివచ్చే మూవ్ నేర్పే వస్తువును) మాత్రం చార్మీలియన్‌కు నేర్పకండి. హెచ్ఎం మూవ్‌లు మామూలుగా మరపించడానికి వీలుకాదు; ఫుష్యా సిటీలో మూవ్‌లను తొలగించే మనిషిని చేరేవరకు పోకెమాన్‌కు ఉండే నాలుగు మూవ్ స్థానాలలో ఒకటి వృథాగా పడి ఉంటుంది. ఆడిష్ గాని బెల్‌స్ప్రౌట్ గాని ఆ బరువు మోస్తాయి.

వర్మిలియన్‌లో పోకెమాన్‌లకు చికిత్స చేసే పోకెమాన్ సెంటర్‌లో ఒక మహిళ వీఎస్ సీకర్ అనే పరికరం ఇస్తుంది. వంద అడుగులు నడిస్తే అది మళ్లీ పనికి సిద్ధమవుతుంది, అప్పటికే ఓడిన శిక్షకులు తిరిగి పోరుకు వస్తారు. అనుభవం కోసం గడ్డిలో గంటల తరబడి తిరిగే శ్రమను ఇది ఎంతో తగ్గిస్తుంది. దాని అవసరం ఎంతో ఒక లెక్కతో తెలుస్తుంది. చార్మాండర్ 16వ లెవెల్‌కు చేరడానికి కావలసిన మొత్తం అనుభవం 2,535 పాయింట్లు. 36కు చేరడానికి కావలసింది 40,007. రెండవ పరిణామం మొదటిదానికంటే దాదాపు పదహారు రెట్ల దూరంలో ఉందన్నమాట.

సెలడాన్ సిటీ నాయకురాలు ఎరికా వద్ద 29వ లెవెల్ విక్ట్రీబెల్, 24వ లెవెల్ టాంజెలా, 29వ లెవెల్ వైల్‌ప్లూమ్ ఉంటాయి. అన్నీ గడ్డి రకమే. నిద్రమత్తు పొడి, పక్షవాతపు పొడి తగిలితే కుదిర్చే మందులు దగ్గర ఉంచుకుని ఎంబర్‌తోనే ముగించండి.

కనిపించని పెంపకం

ప్రతి పోకెమాన్ ఓడించిన ప్రత్యర్థిని బట్టి ఏదో ఒక స్టాట్‌లో చిన్న చిన్న పాయింట్లు పోగుచేసుకుంటుంది; వీటినే ఈవీలు అంటారు. ఒక్కో స్టాట్‌కు గరిష్ఠం 255, అన్నింటికీ కలిపి 510. నాలుగు ఈవీలు చేరితే 100వ లెవెల్‌లో ఆ స్టాట్ ఒక పాయింటు పెరుగుతుంది. పిడ్జీ, రటాటా, జుబాట్, డిగ్లెట్ ఒక్కొక్కటి స్పీడ్‌కు ఒక పాయింటు ఇస్తాయి. గాస్ట్లీ, ఆబ్రా, సైడక్ స్పెషల్ అటాక్‌కు ఒకటి ఇస్తాయి. చార్మాండర్‌కు కావలసినవి ఈ రెండు స్టాట్‌లే. స్పీడ్ ఆరంభంలోని గడ్డిలోనే తనంతట తాను చేరుతుంది. స్పెషల్ అటాక్ కోసం లావెండర్ టౌన్‌లోని పోకెమాన్ టవర్ కంటే మంచి చోటు లేదు. దెయ్యాలను గుర్తుపట్టనిచ్చే సిల్ఫ్ స్కోప్ అనే పరికరం సంపాదించాక అక్కడ ఎదురయ్యేవన్నీ దాదాపు గాస్ట్లీలే. వాటిపై సాధారణ రకం మూవ్‌లు పనిచేయవు, గాలిలో తేలుతాయి కాబట్టి డిగ్ కూడా తగలదు. ఎంబర్‌తోనే పని జరగాలి.

డబ్బు ఉంటే సెలడాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఒక్కొక్కటి 9,800కు దొరికే కాల్షియం, కార్బోస్ మందులు పది పాయింట్ల చొప్పున, ఒక స్టాట్ వంద చేరేవరకు పనిచేస్తాయి. రేర్ క్యాండీతో లెవెల్ పెంచితే ఈవీలు రావు కాబట్టి వాటిని చివరికి దాచుకోండి.

34, 36: రెండు ముఖ్యమైన మెట్లు

34వ లెవెల్‌లో చార్మీలియన్ ఫ్లేమ్‌థ్రోవర్ నేర్చుకుంటుంది. ఈ తరంలో దాని శక్తి 95, గురి 100 శాతం. ఎంబర్‌ను మరపించి దీన్ని పెట్టండి. పొరపాటున వదిలేస్తే సెలడాన్ గేమ్ కార్నర్‌లో నాణేలకు టీఎం 35 కొనవచ్చు. 36వ లెవెల్‌లో చారిజార్డ్‌గా మారగానే వింగ్ అటాక్ వస్తుంది.

రెక్కలతో పాటు రకాలూ మారతాయి. అగ్ని, ఎగిరే రకాలు కలిసిన చారిజార్డ్‌కు నేల మూవ్‌లు అసలు తగలవు, గడ్డి, పురుగు మూవ్‌లు పావు వంతే తగులుతాయి. మరోవైపు విద్యుత్, నీటి మూవ్‌లు రెండు రెట్లు, రాతి మూవ్‌లు నాలుగు రెట్లు తగులుతాయి. ఈ చివరి మాట మరచిపోయినందువల్ల పోయిన పోరులే ఎక్కువ.

దీని ప్రత్యేక శక్తి పేరు బ్లేజ్. హెచ్‌పీ మూడో వంతుకు దిగినప్పుడు అగ్ని మూవ్‌లు ఒకటిన్నర రెట్లవుతాయి. అందువల్ల ఎదుటి పోకెమాన్ మీకంటే నెమ్మదిదైతే, హెచ్‌పీ ఎర్రగీతలో ఉన్నప్పుడు మందు వాడే తొందర పడకుండా ఫ్లేమ్‌థ్రోవర్ వేయడమే చాలాసార్లు తెలివైన పని.

చారిజార్డ్‌కు ఫ్లై నేర్పాలా అనేది అందరికీ వచ్చే ప్రశ్న. రూట్ 16లోని ఇంట్లో దొరికే ఆ హెచ్ఎం శక్తి 70, గురి 95. వింగ్ అటాక్ శక్తి 60. ప్రయాణానికీ పనికివస్తుంది కాబట్టి కథ పూర్తయ్యేవరకు వింగ్ అటాక్ స్థానంలో ఫ్లై ఉంచడాన్ని నేను సమర్థిస్తాను.

కోగా నుంచి జియోవానీ దాకా

ఫుష్యాలో జిమ్ నాయకుడు కోగా పోకెమాన్‌లు తేలే కోఫింగ్, వీజింగ్. వాటిపై డిగ్ పనిచేయదు, ఫ్లేమ్‌థ్రోవర్ వాడండి. తేలని మక్‌కు మాత్రం డిగ్ రెట్టింపుగా తగులుతుంది. కోఫింగ్ తనను తాను పేల్చుకుంటే పెద్ద దెబ్బ తగులుతుంది, హెచ్‌పీ నిండుగా ఉంచుకోండి.

శాఫ్రన్‌లో సబ్రీనా వద్ద ఉన్న 43వ లెవెల్ అలకజామ్ విషయంలో రెండవ లెక్క మళ్లీ పనికివస్తుంది. దాని మూల స్పెషల్ డిఫెన్స్ 85, డిఫెన్స్ 45 మాత్రమే. కనుక ఎగిరే రకం శారీరక దెబ్బ దానికి గట్టిగా తగులుతుంది. స్పీడ్ 120 కాబట్టి అది ముందు కొడుతుంది. ఒక దెబ్బ తట్టుకునే హెచ్‌పీతో దిగాలి. ఆ పక్కనే సిల్ఫ్ భవనంలో బహుమతిగా ఇచ్చే 25వ లెవెల్ లాప్రాస్‌ను తప్పక తీసుకుని, వెంటనే పెంచడం మొదలుపెట్టండి. చారిజార్డ్ దిగకూడని ప్రతి చోటా ఇక ముందు నిలబడేది అదే.

సిన్నబార్‌లో బ్లెయిన్ అగ్ని పోకెమాన్‌లు మీ ఫ్లేమ్‌థ్రోవర్‌ను సగానికి తట్టుకుంటాయి, వారి అగ్ని కూడా మీకు సగమే తగులుతుంది. డిగ్‌ను ఇంతకాలం ఉంచుకున్నందుకు ఇక్కడ ఫలితం దక్కుతుంది. విరిడియన్‌లో జియోవానీ నేల మూవ్‌లు చారిజార్డ్‌ను తాకవు కాబట్టి 42వ లెవెల్ డగ్‌ట్రియో, 44వ లెవెల్ నిడోక్వీన్, 45వ లెవెల్ నిడోకింగ్‌లను అది ఎదుర్కోగలదు. 45, 50 లెవెళ్లలో ఉన్న రైహార్న్‌లు రెండూ రాతి రకం కూడా కాబట్టి వాటికి లాప్రాస్‌తో నీటి దెబ్బ వేయించండి, అది నాలుగు రెట్లు పడుతుంది. గెలిచాక వచ్చే టీఎం 26, అంటే ఎర్త్‌క్వేక్, ఆటలో ఒక్కటే దొరుకుతుంది. డిగ్ స్థానంలో దాన్ని చారిజార్డ్‌కే నేర్పండి. విక్టరీ రోడ్‌లో దొరికే టీఎం 02 డ్రాగన్ క్లా మరో స్థానాన్ని నింపుతుంది. డ్రాగన్ రకం ఈ తరంలో స్పెషల్ కాబట్టి అది 109 స్పెషల్ అటాక్‌ను వాడుకుంటుంది. ఇక మూవ్‌ల అమరిక ఫ్లేమ్‌థ్రోవర్, ఫ్లై, ఎర్త్‌క్వేక్, డ్రాగన్ క్లాలతో పూర్తయినట్లే.

ఎలైట్ ఫోర్, చివరి పోరు

ఎలైట్ ఫోర్ అనే నలుగురు మేటి శిక్షకులతో, చివర మీ ప్రత్యర్థితో కలిపి ఐదు పోరులు వరుసగా, మధ్యలో పోకెమాన్ సెంటర్ లేకుండా సాగుతాయి. చారిజార్డ్ 55వ లెవెల్ దగ్గర, మిగిలినవి 50 దాటి ఉంటే తగినంత మందులతో వెళ్లవచ్చు.

లొరెలీ వద్ద చారిజార్డ్‌ను 54వ లెవెల్ జింక్స్‌పై మాత్రమే దింపండి. మంచు రకం కాబట్టి ఫ్లేమ్‌థ్రోవర్ రెట్టింపు తగులుతుంది. మిగిలిన నాలుగూ నీటి రకం, వాటిని విద్యుత్ పోకెమాన్‌కు వదలండి. బ్రూనో పోరాట రకాలు మూడింటిపై ఫ్లై వాడండి, రెండు ఓనిక్స్‌ల ముందు చారిజార్డ్‌ను నిలబెట్టకండి. అగాథా వద్ద ఎర్త్‌క్వేక్ 56వ లెవెల్ ఆర్బాక్‌పై ఒక్కదానిపైనే చెల్లుతుంది. గెంగార్‌లు, హాంటర్ తేలుతాయి, గోల్బాట్ ఎగురుతుంది. వాటిపై ఫ్లేమ్‌థ్రోవర్ వాడండి.

లాన్స్‌తో పోరు మీరు ఇంతవరకు చేసిన పెంపకానికి అసలైన పరీక్ష. 54వ లెవెల్ డ్రాగనేర్‌లు రెండింటినీ, 60వ లెవెల్ డ్రాగనైట్‌నూ డ్రాగన్ క్లా రెట్టింపుగా కొడుతుంది. డ్రాగనైట్ మూల స్పీడ్ 80 కాబట్టి 100 ఉన్న చారిజార్డ్ ముందు కొట్టే అవకాశం ఎక్కువ. లాప్రాస్ ఐస్ బీమ్ డ్రాగనైట్‌పై నాలుగు రెట్లు పడుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. 58వ లెవెల్ ఏరోడాక్టిల్ రాతి రకం. అది వస్తోందని ఆట చెప్పిన క్షణమే చారిజార్డ్‌ను వెనక్కు పిలవండి.

చివర నిలిచేది మీ ప్రత్యర్థే. ప్రయోగశాలలో టెయిల్ విప్ వేసిన స్క్విర్టిల్ ఇప్పుడు 63వ లెవెల్ బ్లాస్టాయిస్. చారిజార్డ్‌తోనే దాన్ని ఓడించాలన్న కోరిక సహజం, నాకూ ప్రతిసారీ కలుగుతుంది. అలా చేయాలంటే ముందు గడ్డి పోకెమాన్‌తో నిద్రపుచ్చి గాని, పక్షవాతం తెప్పించి గాని దాన్ని సగానికి తగ్గించాలి. ఆ తర్వాత చారిజార్డ్‌ను దింపి ఎర్త్‌క్వేక్ వేయాలి. ఫ్లేమ్‌థ్రోవర్ దానిపై సగమవుతుంది. ఎర్త్‌క్వేక్ శక్తి 100, ఏ కోతా లేకుండా పూర్తిగా తగులుతుంది.